అవ్దో గుట్ట ఎక్కిన పూట

వెన్న కరిగి, నురుగు అణిగి, గోధుమపిండి అందులో పడి పది నిమిషాలైంది. ఇక గరిటె ఆపకూడదు. చావింటి హల్వాకు చెయ్యే దిక్కు, పొయ్యి కాదు అంటారు ఆ ఊళ్ళో. ఆపితే అడుగంటుతుంది, అడుగంటితే ఆ మాడు వాసనే పోయినవాడికి చేరుతుంది. అందుకని రమిజా కదుపుతూనే ఉంది. కళ్ళు మాత్రం బాణలిలో లేవు. పొయ్యి పక్క కిటికీలోంచి గుట్ట కనిపిస్తుంది, గుట్ట మీద తెల్లని సమాధిరాళ్ళు కనిపిస్తాయి, గుట్ట మొదట్లో మగవాళ్ళ గుంపు, ఆ గుంపు భుజాల మీద ఆకుపచ్చ గుడ్డ కప్పిన తబూతు పెట్టె, అందులో ఈ ఇంటాయన నెజీర్. ఆడవాళ్ళు సమాధుల దాకా వెళ్ళరు. ఇంట్లో ఉండి హల్వా కదుపుతారు, పక్క గదిలో కూర్చుని తస్బీ పూసలు తిప్పుతారు. గుంపులో ఎక్కడో తన మొగుడు అవ్దో ఉన్నాడు. గుట్ట ఎక్కను, కింద కంచె దగ్గరే నిలబడి నమాజు చేసి వచ్చేస్తానన్నాడు పొద్దున కాఫీ తాగుతూ, ఆమె కళ్ళలోకి చూడకుండా. అబద్ధం. అబద్ధమని ఆమెకు తమ ఇంట్లో పొయ్యి మీద కట్టిన దండెం చెప్పింది.

ఆ దండెం మీద మొండికి తొడిగే మేజోళ్ళు ఆరుతుంటాయి. పలచనివి, నడిమివి, మందమైనవి. అవ్దో ఎడమ కాలు మోకాలి కింద జానెడు దాకానే ఉంది. ఆ మొండికి మేజోడు తొడిగి, దాన్ని పెట్టుడు కాలి డొప్పలోకి దించుతాడు. పొద్దున మొండి కాస్త ఉబ్బి ఉంటుంది, పలచనిది చాలు. పొద్దెక్కే కొద్దీ అది చిక్కుతుంది, డొప్పలో లొడలొడమంటుంది, ఒకటి ఎక్కువ తొడగాలి. బస్తా మోసే రోజైతే బరువుకి మొండి డొప్ప అడుక్కి దిగబడుతుంది, ఎముక కొస నేల మీద కొట్టుకున్నట్టు కొట్టుకుంటుంది, అందుకని ఆ రోజు తెల్లారగానే మందమైనది. పదిహేనేళ్ళుగా ఆ దండెం చూసి ఆయన ఆ పూట ఏం పని పెట్టుకున్నాడో చెప్పగలదు రమిజా. ఈ పొద్దున దండెం మీద మందమైనది లేదు. కంచె దగ్గర నిలబడేవాడికి మందమైన మేజోడు ఎందుకు?

అడగలేదు. అడిగితే ఏం చెబుతాడు. మొన్నటి చలికాలం మంచులో జారి పడ్డాడు, మొండి కొసన పుండు పడింది, మూడు నెలలు కర్రలతో గెంతాడు. ఎండాకాలం పోయాకే చర్మం కలిసింది. ఇంకా లేత గులాబీ రంగులోనే ఉంది, ఉల్లిపొర అంత పలచగా. రోజూ రాత్రి అద్దం ముక్క కింద పెట్టి చూస్తుంది తను. ఊరి నర్సు కట్టు విప్పుతూ ఆయనతో కాదు, తనతో చెప్పింది. చూడమ్మా, నడవనీ, మొయ్యనివ్వకు, ఇది మళ్ళీ రేగితే ఎముకకు పాకుతుంది, అప్పుడు మోకాలికి పైన కొయ్యాల్సి వస్తుంది. మోకాలు! మోకాలు ఉన్నవాడు నడుస్తాడు, లేనివాడు నడకని లాక్కుపోతాడు. ఆ మోకాలు ఉండబట్టే కదా ఆయన వెనక నుంచి చూస్తే ఎవరూ పోల్చుకోలేరు. తను పోల్చుకుంటుంది. వంద మంది నల్లకోట్ల మధ్య, ఇంత దూరం నుంచి కూడా. కుడిపాదం నేల మీద ఒక్క పిసరు ఎక్కువసేపు నిలుస్తుంది, ఎడమది కాస్త తొందరగా వదిలేస్తుంది. కుడిది తోస్తుంది, ఎడమది తొయ్యలేదు, దానికి చీలమండ లేదు, అందుకని ఎడమ తుంటి దాన్ని ఎత్తుకుంటుంది, నిద్రపోయే బిడ్డని ఎత్తుకున్నట్టు, ఎవరికీ తెలియకుండా. మడమ ఆనుతుంది, దాని మీదుగా ఒళ్ళు ముందుకు దొర్లుతుంది, తొడ బిగిసి మోకాలు మడత పడకుండా పట్టుకుంటుంది, వేళ్ళ వైపు వచ్చేసరికి తుంటి అందుకుంటుంది. ఇదంతా ఒక్క అడుగు. జనం రోజుకి ఎన్ని వేల అడుగులు వేస్తారో, వాటిలో ఒక్కదాన్నీ తలుచుకోరు.

"రమిజా, కళ్ళు గుట్ట మీద, గరిటె బాణలిలో. మాడిందో, నెజీర్ గాడు లేచొచ్చి మరీ తిడతాడు," అంది దుల్సా అవ్వ. ఊళ్ళో అందరికంటే పెద్దది. గోడ వారన చాప మీద కూర్చుని పంచదార పాకానికి నీళ్ళు కొలుస్తోంది.

"మాడదులే అవ్వా."

"నీ మొగుడు ఎక్కడికీ పోడు. ఒంటికాలి మీద ఎంత దూరం పోతాడు!"

తలుపు దగ్గర కప్పులు కడుగుతున్న ఆడవాళ్ళు పెదవులు బిగించి నవ్వాపుకున్నారు. చావింట్లో నవ్వకూడదు. కానీ ఆ మాట నెజీర్‌దే. ఒంటికాలి మాటలన్నీ ఈ ఊళ్ళో నెజీర్‌వే. ఆయన కుడికాలు యుద్ధంలో పోయింది, అవ్దో ఎడమకాలు యుద్ధం అయిపోయాక పోయింది. చలికాలం వస్తే నెజీర్ వాకిట్లో నిలబడి, రమిజా చెల్లెమ్మా, ఉన్నిమేజోళ్ళు ఒక్క జత అల్లు చాలు, ఎడమది నాకు, కుడిది మీ ఆయనకి, దేవుడు ఎంత పొదుపరో చూశావా, అనేవాడు. తను నిజంగానే ఒక్క జతే అల్లేది. ఇద్దరివీ ఒకటే కొలత పాదాలు.

పిండి రంగు కొంచెం మారింది. పాలమీగడ రంగు. ఇంకా చాలా ఉంది.

అవ్దో కాలు పోయిన ఆ వసంతం. యుద్ధం ఆగి నాలుగు నెలలు. తుపాకులు ఆగాయి గానీ నేల ఆగలేదు, నేలలో పాతిన మందుపాతరలు అలాగే ఉన్నాయి. కట్టెలు లేవు, పొయ్యి లేదు. అవ్దో, నెజీర్ బండి కట్టుకుని అడవి అంచుకి పోయారు. పడిపోయిన పెద్ద చెట్టు ఒకటి ఇరవై అడుగుల లోపల కనిపించింది అవ్దోకి. ఇరవయ్యే కదా అనుకున్నాడు. ఊళ్ళో తను బట్టలు ఆరేస్తుంటే పేలిన చప్పుడు వినిపించింది. ఎవరి ఆవో అనుకుంది తను, ఆవు అనుకుంది, దేవుడా, ఎవరి ఆవో పాపం అనుకుంది. అక్కడ నెజీర్ బండి పక్క నిలబడి ఉన్నాడు, అప్పటికే పెట్టుడు కాలి మీద, అదీ ఎక్కడి నుంచో దానంగా వచ్చిన బరువైన కాలు, తోలుపట్టీలతో తొడకి కట్టుకునేది. రావద్దురా, సైనికుల్ని పిలువు, అని అరిచాడట అవ్దో. నెజీర్ ఏమన్నాడో అవ్దో ఎన్నిసార్లు చెప్పాడో! "ఒరేయ్ నోరుమూసుకో. నాకు సగం భయమే. ఈ కాలి కింద పేలితే ఇంకోటి బిగించుకుంటా." అని అవ్దో అడుగుల గుర్తుల్లోనే అడుగులు వేసుకుంటూ లోపలికి వచ్చాడు. తెలియని కాలితో. ఆకుల కింద తీగ ఉందో రాయి ఉందో చెప్పలేని కాలితో. తోలుబెల్టుతో అవ్దో తొడ బిగించి కట్టి, వీపున వేసుకుని, వెనక్కి తిరగడానికి చోటు లేక ఆ పెట్టుడు కాలి మడమ మీదే గుండ్రంగా తిరిగాడట. తిరిగినప్పుడు దాని లోపల ఏదో కిర్రుమందని, ఆ కిర్రు తనకి ఇప్పటికీ వినిపిస్తుందని అంటాడు అవ్దో. ఆపై బండి దాకా మోశాడు. బరువున్న మనిషిని వీపున వేసుకుని పెట్టుడు కాలి మీద నడవడం అంటే ఏమిటో అప్పుడు అవ్దోకి తెలియదు. ఏడాది తరువాత తెలిసింది. తెలిసిన రోజు అన్నం తినలేదు.

గుంపు కదిలింది. మొదట్లో దారి చదును. నలుగురు మోస్తారు, ఏడెనిమిది అడుగులు, అంతే, వెనకవాళ్ళు వచ్చి భుజం అందుకుంటారు, ముందువాళ్ళు తప్పుకుంటారు. అందరికీ పుణ్యం దక్కాలి కదా. తబూతు నీళ్ళ మీద తేలినట్టు పోతుంది, మోసేవాళ్ళు మారుతూనే ఉంటారు. అవ్దో ఎక్కడ? చదునులో మోసి తప్పుకుంటే ఎంత బాగుండు, ఏడడుగులు, సాఫీ దారి, ఓ దేవుడా. ఆయన్ని చదునులో మోయనీ. కానీ లేడు. చదునులో భుజం పెట్టినవాళ్ళలో లేడు. నీటి ఊట దాటాక దారి నిట్టనిలువుగా లేస్తుంది, అక్కడ అందరూ కుర్రాళ్ళకే వదిలేస్తారు. ఆయన అక్కడ కాచుకున్నాడు. తనకి తెలుసు.

"చెంచా పెద్దది కావాలి," అంటూ దుల్సా అవ్వ లేవబోయింది. కూర్చో అవ్వా నేనిస్తానని రమిజా ఎడమచేతికి గరిటె మార్చుకుని, కుడిచేత్తో తలుపు పక్క మేకుకి ఉన్న చెంచా అందుకుంది. అందుకుంటూ గడప బయట చూసింది. ఇంట్లోకి వచ్చే ప్రతివాళ్ళూ చెప్పులూ బూట్లూ గడప బయటే విడుస్తారు. మగవాళ్ళందరూ తొడుక్కుని వెళ్ళిపోయారు, ఆడవాళ్ళవి మాత్రం మిగిలాయి. వాటి మధ్య అవ్దో బూట్లు. గోధుమరంగువి, ఎడమదానికి వేరే తాడు. ఆయనవే.

"అయ్యో, అయ్యో! ఎవరివో తొడుక్కుపోయాడు!"

"చావింట్లో మగాళ్ళు తొడుక్కునేవన్నీ ఎవరివో ఒకరివే," అంది అవ్వ. "మా ఆయన ఒకసారి ఇమాము గారి బూట్లతో ఇంటికొచ్చాడు."

"నీకు తెలీదు అవ్వా!"

తెలియదు, ఎవరికీ తెలియదు. నీ పాదం, నా పాదం ఏ బూటులోకైనా పోతాయి, చీలమండ సర్దుకుంటుంది. పెట్టుడు పాదం సర్దుకోదు. ఏ బూటు మడమ ఎంత ఎత్తో దానికి తగ్గట్టు కాలు బిగిస్తారు. మడమ అంగుళం పెరిగిందా, పిక్క అంతా ముందుకు వాలుతుంది, మోకాలిని వెనక నుంచి ఎవరో తోస్తున్నట్టు ఉంటుంది. మడమ లేకపోయిందా, వెనక్కి పడిపోతున్నట్టు. పెట్టుడు కాలితో కొత్తగా ఇంటికొచ్చిన రోజుల్లో, పరాయి ఇళ్ళకి పోతే గడప దగ్గర బూట్లు విడిచి లోపలికి అడుగుపెట్టగానే గోడ పట్టుకునేవాడు. ఇంటివాళ్ళు కళ్ళు తిరిగాయేమో అని నీళ్ళు తెచ్చేవాళ్ళు. తరువాత తనే ఇంట్లో తొడుక్కోవడానికి ఎత్తు సరిపోయే చెప్పులు కుట్టి సంచిలో పెట్టి పంపేది. అంత చిన్న తేడా. ఇప్పుడు ఎవరి బూట్లో వేసుకుని, భుజాన శవం, నిట్టనిలువు గుట్ట, ఉల్లిపొర చర్మం.

"హనీఫా వదినా!" కేక వేయకూడదు, వేసింది.

హనీఫా పక్కగది తలుపులో నిలబడింది. తెల్లని తలగుడ్డ, చేతిలో తస్బీ. మూడు రోజుల కిందట వెల్లుల్లి నాటుతూ నాటుతూ మొగుడు మడిలోనే వాలిపోతే, ఆమె ఒక్కతే ఇంట్లోకి లాక్కొచ్చింది. ఏడ్చినట్టు ఎవరూ చూడలేదు.

"ఏమైంది వదినా, మాడిందా?"

"అవ్దో ఎవరి బూట్లో వేసుకుపోయాడు. ఎవరినైనా పంపాలి, ఎవరైనా పరిగెత్తండి..."

"ఎవరివో కాదు. మావారివి." హనీఫా గొంతులో తొందర లేదు. "నేనే ఇచ్చాను. పొద్దున వచ్చి అడిగాడు. వదినా, నెజీర్ బూట్లియ్యి, నాకు గుట్ట ఎక్కే పని ఉంది, మడమ ఎత్తుండాలి అన్నాడు. ఒకటి ఆ కాలికే ఉంది, విప్పి రెండూ ఇచ్చాను."

ఆ కాలు పొయ్యి వెనక మూలన గోడకి ఆనించి ఉంది. పోయినవాడితో పెట్టుడు కాలు పోదు. దాని పాదం ఇప్పుడు వట్టిగా ఉంది, చెక్కిన సబ్బులా. రమిజా అప్పటిదాకా అటు చూడలేదు, చూడకుండానే పొయ్యి రాజేసింది.

"నెజీర్ పొట్టివాడు కదా," అంది హనీఫా. "పెళ్ళినాటి నుంచీ ఎత్తు మడమలే. కాలు పోయినా మానలేదు. డాక్టరుతో పోట్లాడి కాలు దానికే బిగించుకున్నాడు."

"నాకెందుకు చెప్పలేదు ఆయన!"

"చెబితే వద్దంటావని."

"అంటాను! పుండు..."

"నాకు తెలుసు వదినా," అంది హనీఫా మెల్లగా. "నేనూ అన్నాను. పుండు నాది, మోసేది నా వాణ్ణి అన్నాడు. ఇక నేనేం అనను?" తస్బీ ముడుచుకుని లోపలికి పోయింది.

మడమ ఎత్తుండాలి. గరిటె తిప్పుతూ తిప్పుతూ రమిజాకి అప్పుడు తట్టింది. చదును మీద ముందుకు తోసే మడమ ఎక్కుడులో తొయ్యదు. గుట్ట మనిషిని వెనక్కి పడదోస్తుంది, ఎత్తు మడమ ముందుకు తోస్తుంది, రెండూ ఒకదాన్నొకటి తినేస్తాయి, పిక్క నిటారుగా నిలుస్తుంది. దీనికోసం చదునులో మోయకుండా ఊట దాకా ఆగాడు. ఇదంతా ఆయన మూడు రోజులుగా, మాట్లాడకుండా, వాకిట్లో కట్టెలు పేరుస్తున్నట్టు నటిస్తూ లెక్క కట్టుకున్నాడన్నమాట. తను ఆయన్ని మొద్దు అనుకుంది. పదిహేనేళ్ళు కాపురం చేసి మొద్దు అనుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, పొగ అని తుడుచుకుంది.

పిండి తేనె రంగుకి వచ్చింది. కమ్మటి వాసన లేచింది.

నెజీర్ నేర్పిన నడకే అది. ఆసుపత్రిలో కాలు బిగించి రెండు కమ్మీల మధ్య నాలుగు రోజులు నడిపించి పంపేశారు. ఇంటికొచ్చిన అవ్దో మంచం దిగలేదు. కాలు పక్కన నిలబెట్టి ఉండేది, అతిథిలా. నెజీర్ బంగాళాదుంపలు తూచే కాటా ఈడ్చుకొచ్చాడు. ఎక్కరా, పెట్టుడు కాలొక్కటే దాని మీద పెట్టు, అన్నాడు. ముల్లు చూసి, "ఇరవై కిలోలా? మిగతా అవ్దో ఎక్కడున్నాడు, మంచం కిందా?" అన్నాడు. రోజూ తూచేవాడు. ముప్ఫై. ముప్ఫై రెండు. ఏడుపు, తిట్లు, మొండి రాసుకుని రక్తం. కాలు బలం లేక పడేవాడు ఎవడూ లేడురా, దాన్ని నమ్మక పడతారు, అనేవాడు. కింద చూడనిచ్చేవాడు కాదు. నేల సంగతి కళ్ళకెందుకు, ఎముక చెబుతుంది విను. నిజమే, కంకర మీద నడిస్తే డొప్ప అంచు మోకాలి కింద చిన్నగా టకటకమంటుందట, బురదలో మౌనంగా ఉంటుందట, గడ్డి మీద ఆలస్యంగా జవాబిస్తుందట. లేని బొటనవేలు వానకి ముందు దురద పెడుతుందట. ఒకనాడు నెజీర్ నిండు కాఫీ కప్పు ఆయన చేతిలో పెట్టి, వాకిలి ఆ చివర ఉన్న మీ ఆవిడకి ఇచ్చిరా, అన్నాడు. ఒక్క చుక్క ఒలికినా మళ్ళీ మొదటి నుంచి. మెట్ల దగ్గర, "ఎక్కేటప్పుడు అమ్మ ఇచ్చిన కాలు ముందు, దిగేటప్పుడు సర్కారు ఇచ్చిన కాలు ముందు. తప్పితే సర్కారు పూచీ లేదు." ఎనిమిదో సారికి ఆ కప్పు తన చేతికి వచ్చింది, చల్లారిపోయి, నిండుగా. అంత మంచి కాఫీ తను మళ్ళీ తాగలేదు.

ఊట దగ్గర గుంపు సన్నబడింది. తబూతు ఎక్కుడు మొదలుపెట్టింది. ఎడమవైపు ముందు భుజం ఖాళీ అయింది, ఎవరో కుర్రాడు అందుకోబోయాడు, ఒక చెయ్యి అతన్ని మెల్లగా పక్కకి జరిపింది. అదే. ఆ భుజం అదే. కుడి. ఎడమ కలిసింది. కుడి ఎత్తు మీద పడింది, ఒళ్ళు లేచింది, ఎడమ దాని పక్కకి వచ్చి నిలిచింది. తబూతు ఆ మూల ఒక్క పిసరు కూడా వాలలేదు. మూడు. నాలుగు. ఇప్పుడు డొప్పలో ఏమవుతోందో తనకి తెలుసు, శవం బరువు భుజం నుంచి వెన్నులోకి, వెన్ను నుంచి తుంటిలోకి, అక్కడి నుంచి జానెడు ఎముకలోకి దిగి, ఆ లేత చర్మం మీద కూర్చుంటుంది. ఏడు. ఎనిమిది. వెనకవాళ్ళు వచ్చారు, తబూతుకి మిగతా మూడు మూలలూ చేతులు మారాయి. ఆయన మూల మారలేదు. మళ్ళీ మారాయి. ఆయన మారలేదు. ఎవరో భుజం తట్టారు, పుణ్యం ఒక్కడివే మూటకట్టుకోకురా అంటూ ఉంటారు. తరువాత ఎవరూ తట్టలేదు. అందరికీ గుర్తొచ్చి ఉంటుంది, అడవి, బండి, నెజీర్ వీపు. పక్కకి జరిగి దారి ఇచ్చారు. గడ్డి తడిగా ఉంది, ఒకచోట ఎడమ పాదం జారింది, కానీ తొడ పట్టుకుంది, తుంటి అందుకుంది, ఒక్క క్షణం మొత్తం ఊరేగింపు ఆయన కోసం ఆగి, మళ్ళీ ఆయన అడుగుకే కదిలింది. అంతమంది రెండు కాళ్ళవాళ్ళు, ఆయన అడుగు ఎంతుంటే అంతే అడుగు వేస్తూ.

"ఏం జరుగుతోందే?" అంది అవ్వ. చూపు ఆనదు ఆమెకి.

"మోస్తున్నాడు."

"ఎవరు?"

"మా ఆయన. ఊట నుంచీ ఆయనే."

అవ్వ పాకం గిన్నె పొయ్యి రెండో కన్ను మీదికి జరిపి, తనూ కిటికీ వైపు ముఖం తిప్పుకుని కూర్చుంది, కనిపించకపోయినా.

పైన దించారు. అమ్మయ్య అనుకుంది. ఇక ఎవరి భుజమో పట్టుకుని నిలబడు, చాలు, ఇంకేమీ వద్దు. గోతిలోకి దిగేది దగ్గరివాళ్ళు, నెజీర్‌కి కొడుకుల్లేరు, ఖననం ఎవరి కోసం మూడు రోజులు ఆగిందో ఆ తమ్ముడు సుల్యో దిగాడు. రెండోవాడు కావాలి. సుల్యో తల పైకెత్తి ఎవరినో పిలిచాడు. నల్లకోట్లు విచ్చుకున్నాయి. అవ్దో గోతి అంచుకి వచ్చాడు. కూర్చున్నాడు. ఎడమకాలు ముందు వేలాడదీశాడు. నడుము దాకా పోయాడు. భుజాల దాకా. టోపీ ఒక్కటి కనిపించింది. అదీ పోయింది.

గుట్ట మీద ఆయన లేడు. గరిటె తిరుగుతూనే ఉంది, ఎవరో తిప్పుతున్నట్టు. తెల్లని గుడ్డలో చుట్టిన నెజీర్‌ని అందించారు, నేల తీసుకుంది. ఏటవాలుగా పెట్టే బల్లచెక్కలు ఒకటొకటే అందించారు. పిండి బాదం రంగు దాటుతోంది. "ఇక పాకం పొయ్యవే," అంది అవ్వ వాసన పట్టి. కాసేపుండు అవ్వా. సుల్యో బయటికి వచ్చాడు, ఇద్దరు లాగారు. అవ్దో రాలేదు. అందరూ గోతిలోకి వంగి చూస్తున్నారు. లోపల ఇరుకు, మన్ను మెత్తన, తెలియని కాలి కింద మెత్తటి మన్ను అంత శత్రువు లేదు. పొయ్యవే, మాడుతుందే. కాసేపుండు. గట్టు మీద రెండు మోచేతులు ఆనాయి. కుడి మోకాలు పైకి వచ్చింది. ఆగింది. ఎవరో చెయ్యి చాచారు, ఆయన ఆ చేతిని పట్టుకున్నాడు, గట్టిగా, సిగ్గుపడకుండా, లేచి నిలబడ్డాడు. ఎడమ కాలు దులుపుకున్నాడు. నిలబడ్డాడా? నిలబడ్డాడు. కుంటుతున్నాడా? కొంచెం. కొంచెమే.

హనీఫా ఎప్పుడు వచ్చిందో పక్కనే ఉంది. కిటికీ వైపు చూడకుండా, పొయ్యి వైపు చూస్తూ అడిగింది.

"పడుకోబెట్టారా?"

"పడుకోబెట్టారు వదినా. అవ్దో, సుల్యో."

"బయటికి వచ్చాడా మా మరిది?"

"వచ్చాడు. పార అడుగుతున్నాడు."

గుట్ట మీద ఎవరో పార అందించారు. అవ్దో ఎడమ కాలి మీద ఒళ్ళంతా నిలిపి, కుడిపాదంతో పారని మన్నులోకి దించాడు.

"రాత్రికి ఆ పుండు నేనూ చూస్తాను," అంది హనీఫా. "మావారి మందు డబ్బాలో ఇంకా సగం ఉంది." పాకం గిన్నె రెండు చేతులా ఎత్తి తనే బాణలిలో వంచింది. హల్వా బుస్సుమని పొంగింది, ఆవిరి కిటికీని కప్పేసింది, ఆ ఆవిరి చాటున నెజీర్ పెళ్ళాం మొదటిసారి ఏడ్చింది. రమిజా గరిటె వదల్లేదు.